చలిని ఆపాలి, గాలిని ఆపరాదు

(ఉత్తరాది మైదానాలలోనూ, కొండ ప్రాంతాలలోనూ పనిచేస్తున్న తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతులలో సమాఖ్య కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల కార్యక్రమ పత్రంలో వేతనాలు, పింఛను, ఖాళీల భర్తీ వంటి అంశాల నడుమ "శీతకాలానికి ఇంటి సన్నాహం" అనే శీర్షిక చూసి కొందరు మిత్రులు ఆశ్చర్యపడ్డారు. తలుపు సందులతో, కిటికీ అద్దాలతో కార్మిక సంఘానికి ఏమి పని అని ఒక మిత్రుడు నన్ను సూటిగానే అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కనుక దాని సమాధానంతోనే ప్రారంభిస్తాను.

మొదటి కారణం. క్వార్టరు మన వేతనంలో భాగం. ప్రభుత్వ క్వార్టరులో అడుగుపెట్టిన దినం నుండి ఉద్యోగి ఇంటి అద్దె భత్యాన్ని వదులుకుంటాడు. పైగా లైసెన్సు ఫీజు చెల్లిస్తాడు. అనగా నెలనెలా ఆ ఇంటికి మూల్యం కడుతూనే ఉన్నాడు. పగిలిన అద్దం మార్చమని, కురుస్తున్న కప్పు బాగుచేయమని అడగడం యాచన ఎట్లా అవుతుంది? వెల కట్టిన వస్తువు సవ్యంగా ఉండవలెనని అడగడమే అది.

రెండవ కారణం. మన పని చలిలోనే కఠినమవుతుంది. చలికి ఉక్కు కుంచించుకుపోతుంది. పొడవుగా అతికిన పట్టాలలో లాగుడు పెరుగుతుంది. అతుకు వద్ద పట్టా విరిగే ప్రమాదం తెల్లవారుజాము ఘడియలలోనే హెచ్చు. అందుకే శీతకాలపు రాత్రి గస్తీ అవసరమైనది. పొగమంచు కమ్మినపుడు సిగ్నలుకు 270 మీటర్ల ముందు పట్టాపై డిటోనేటర్లు అమర్చి, డ్రైవరుకు చెవితో దారి చూపే కార్మికుడు ఎవరు? మనవాడే. తెల్లవారకముందే సంచుల కట్టలు విప్పి ఉత్తరాలు వేరుచేసే సార్టరు, మంచులో సైకిలు తొక్కే పోస్ట్‌మన్ ఎవరు? మనవారే. రాత్రంతా చలిలో నిలిచినవాడికి పగటిపూట నాలుగు గంటల వెచ్చని నిద్ర దొరకకపోతే మరునాటి రాత్రి అతని కన్ను మూతపడుతుంది. అప్పుడు ప్రమాదం అతనొక్కనిది కాదు, రైలులో ఉన్న వేయిమందిది.

మూడవ కారణం అన్నిటికంటె బాధాకరమైనది. ప్రతి శీతకాలంలోనూ ఉత్తర భారతంలో ఎక్కడో ఒకచోట, మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకున్న కుటుంబం తెల్లవారి లేవలేదన్న వార్త మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. ఆ మరణాలు విధివ్రాతలు కావు. ఇల్లు సరిగా లేనందువల్ల కుంపటి లోపలికి వచ్చింది. కుంపటి వల్ల ప్రాణాలు పోయినవి. ఈ గొలుసును ఎక్కడ తెంపవలెనో చెప్పడమే ఈనాటి నా ప్రసంగ విషయం.

చలికి కొలత

మనలో చాలామంది సముద్రతీర జిల్లాల నుండి, తెలంగాణ పీఠభూమి నుండి వచ్చినవారు. మాఘమాసపు చలికి మాకులు సైతం వణుకుతాయని మన పల్లెలలో అంటారు. కాని మన మాఘం వేరు, గోరఖ్‌పూరు, అంబాలా, మొరాదాబాదులలోని పుష్యం వేరు.

భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని అంతకంటె దిగువకు గాని పడిపోయి, ఆ రోజుకు సాధారణమైన స్థాయి కంటె 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి తగ్గితే దానిని శీతల పవనం అంటారు. కనిష్ఠం 4 డిగ్రీలకు దిగితే సాధారణ స్థాయితో నిమిత్తం లేకుండానే శీతల పవనం. 2 డిగ్రీలకు దిగితే తీవ్ర శీతల పవనం. ఇది బయటి లెక్క. లోపలి లెక్క మరొకటి ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన గృహ ఆరోగ్య మార్గదర్శకాలలో, చలి కాలమున్న ప్రాంతాలలో ఇంటిలోపల 18 డిగ్రీలకు తగ్గకుండా చూడవలెనని సూచించింది. మన క్వార్టర్లలో ఎన్ని జనవరి రాత్రి ఈ పరీక్షకు నిలుస్తాయి? ఒక గది థర్మామీటరుకు అయ్యే ఖర్చు స్వల్పం. ప్రతి శాఖ ఒకటి కొని, నాలుగు ఇళ్లలో వారం రోజులు తెల్లవారుజామున కొలిచి వ్రాసిపెట్టండి. "చాలా చలిగా ఉన్నది" అనే మాటను అధికారి వినీ విననట్లు ఊరుకోగలడు. తేదీలతో, అంకెలతో ఉన్న కాగితాన్ని అంత సులభంగా పక్కన పెట్టలేడు.

చలివల్ల కలిగేది కేవలం అసౌకర్యం కాదు. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపు పోటు పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు హెచ్చుతుంది. శిశువుల దేహం వేడిని త్వరగా కోల్పోతుంది. వృద్ధులకు తమ దేహం చల్లబడుతున్న సంగతే సకాలంలో తెలియకపోవచ్చు. దేహపు వేడి 35 డిగ్రీల కంటె తగ్గితే అది వైద్యం అవసరమైన స్థితి. సారా తాగితే వెచ్చబడుతుందనుకోవడం భ్రమ. చర్మంలోని రక్తనాళాలు విప్పారి కొంతసేపు వెచ్చగా తోస్తుంది. వాస్తవానికి దేహం తన వేడిని బయటికి పారబోసుకుంటున్నది.

ఇల్లు వేడిని ఎట్లా పోగొట్టుకుంటుంది

విశ్రాంతిగా ఉన్న మనిషి దేహం నుండి సుమారు 80 నుండి 100 వాట్ల వేడి నిరంతరం వెలువడుతూ ఉంటుంది. నలుగురున్న గదిలో అది చిన్న హీటరుతో సమానం. ఇంటిలోని మొదటి కుంపటి మన దేహమే. ఆ వేడిని నిలుపుకుంటే సగం పని పూర్తి అయినట్లే. అది నాలుగు దారులలో పోతుంది: సందులు, కిటికీలు, కప్పు, నేల.

సందుల సంగతి చూడండి. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు, దాని అడుగున ఒక సెంటీమీటరు సందు ఉన్నదనుకోండి. మొత్తం 90 చదరపు సెంటీమీటర్లు. గోడలో నుండి ఒక ఇటుకను నిలువునా ఊడబీకితే ఏర్పడే రంధ్రం ఇంచుమించు అంతే. గోడలో ఇటుకపాటి రంధ్రం ఉంటే ఎవరూ ఒక్క రాత్రి ఊరుకోరు; తలుపు కింద అదే రంధ్రంతో ఏళ్ల తరబడి కాపురం చేస్తారు. పాత గుడ్డను పొడవుగా చుట్టి, లోపల ఇసుకగాని రంపపు పొట్టుగాని నింపి కుట్టి, తలుపు అడుగున అడ్డంగా పెడితే ఆ దారి మూతపడుతుంది. చట్రానికీ గోడకూ మధ్యనున్న పగుళ్లను సున్నం, సిమెంటుతో పూడ్చాలి. తలుపు రెక్కకూ చట్రానికీ మధ్య నవారు పట్టీనో, రబ్బరు పట్టీనో, చెప్పుల దుకాణంలో దొరికే మెత్తని అట్టనో అంటించవచ్చు.

కిటికీకి ఒకే అద్దం ఉంటే, అది పగలకపోయినా, చలిని దాదాపు నేరుగా లోపలికి పంపిస్తుంది. చౌకైన ఉపాయం ఏమిటంటే, లోపలివైపు చట్రానికి మందపాటి పారదర్శకపు ప్లాస్టిక్ కాగితాన్ని బిగుతుగా బిగించడం. అద్దానికీ కాగితానికీ మధ్య రెండంగుళాల గాలి నిలుస్తుంది. కదలని గాలి చలికి గొప్ప అడ్డు. రజాయి రహస్యం కూడా అదే. దూది వెచ్చనిది కాదు, దూది పట్టి ఉంచిన గాలి మనలను వెచ్చగా ఉంచుతుంది. అణగిపోయిన రజాయిని ఏకించి, ఎండలో ఆరవేస్తే మళ్లీ గాలి చేరుతుంది. అందుకే అది తిరిగి పనిచేస్తుంది.

పై అంతస్తు ఇళ్లవారికి కప్పు శత్రువు. మేఘాలు లేని రాత్రి సిమెంటు కప్పు తన వేడిని ఆకాశంలోకి విడిచి, గాలి కంటె కూడా చల్లబడుతుంది. రేకుల కప్పు మరింత త్వరగా. వెదురు తడికనో, దళసరి గుడ్డనో పైకప్పుకు జానెడు దిగువన కట్టితే నడుమ మళ్లీ అదే గాలిపొర ఏర్పడుతుంది. రేకు ఇళ్లలో తెల్లవారుజామున లోపలి తేమ రేకుకు పట్టి బొట్లుగా రాలుతుంది. తడిక దానినీ ఆపుతుంది. కాని తడిక కట్టిన ఇంట్లో దీపం, పొయ్యి, విద్యుత్తు తీగలు దానికి దూరంగా ఉండవలెనని మరువరాదు.

నేల సంగతి మన స్త్రీలకు బాగా తెలుసు. సిమెంటు నేలపై గోనె పరచి, దానిపై చాప, చాపపై జంపఖానా వేస్తే పాదాలకు చలి తగ్గుతుంది. నులక మంచం మీద పడుకునేవారు పైన మూడు కప్పుకొని కింద ఒక్క బొంతతో సరిపెట్టుకుంటారు. చలి కిందినుండి వస్తుంది. పరుపు కింద పాత వార్తాపత్రికల దొంతర గాని గోనె సంచులు గాని పరచండి. బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ రైతులు వరిగడ్డిని మందంగా పరచి దానిపై పడుకోవడంలో ఎంతో వివేకం ఉన్నది.

ఇక వెలలేని ఇంధనం సూర్యుడు. డిసెంబరు మూడవ వారంలో ఢిల్లీలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు క్షితిజానికి 38 డిగ్రీల ఎత్తున మాత్రమే, దక్షిణ దిక్కున ఉంటాడు. జూన్‌లో 85 డిగ్రీల ఎత్తున, నడినెత్తిన ఉంటాడు. కనుక దక్షిణపు కిటికీ శీతకాలంలో ఎండను గది లోపలికంటా తెస్తుంది. వేసవిలో చిన్న చూరు చాలు, దానిని ఆపడానికి. పగలు దక్షిణపు కిటికీకి అడ్డుగా ఉన్న బీరువాను, తెరను తొలగించండి. పొద్దు వాలగానే దళసరి తెర దింపండి. ఉత్తరపు కిటికీని మాత్రం శీతకాలమంతా కప్పి ఉంచవచ్చు. తడిబట్టలు పడకగదిలో ఆరవేయరాదు. గోడలకు బూజు పట్టి, పిల్లలకు దగ్గు, ఆయాసం వస్తాయి.

కుంపటి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. దయచేసి శ్రద్ధగా వినండి.

మన ఇళ్లలో కుంపటి అంటే ఒక ఆప్యాయత ఉన్నది. ఉత్తరాదిలో దానిని అంగీఠీ అంటారు, బీహారులో బోర్సీ అంటారు. బొగ్గులు బయట రాజేసి, పొగ పోయిన తరువాత, ఎర్రగా కణకణలాడే నిప్పును లోపలికి తెచ్చుకుంటారు. పొగ లేదు గనుక ప్రమాదం లేదనుకుంటారు. సరిగ్గా ఇక్కడే మృత్యువు పొంచి ఉన్నది. పొగలేని ఎర్రని బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌తో అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా కలిసిపోతుంది. ఫలితంగా ఊపిరి ఆడుతూనే ఉంటుంది, దేహానికి ప్రాణవాయువు మాత్రం అందదు. మొదట తలనొప్పి, పిదప తల తిరగడం, వికారం, మగత. మగత వచ్చిన తరువాత లేచి తలుపు తీసే శక్తి ఉండదు. నిద్రలో ఉన్నవానికి తలనొప్పి కూడా హెచ్చరిక కాజాలదు.

ఒక గుర్తు జ్ఞాపకం పెట్టుకోండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గితే అది జలుబు కాదు, విషవాయువు. వెంటనే తలుపులు, కిటికీలు తెరచి, అందరినీ బయటి గాలిలోకి చేర్చి, 112కు గాని 108కు గాని ఫోను చేసి, ప్రాణవాయువు ఇవ్వగల ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పృహ తప్పినవారిని "నిద్రపోనీ" అని వదలరాదు. కాపాడబోయినవారు కూడా ఆ గదిలో ఆగరాదు.

గ్యాసు గీజరుకూ ఇదే నియమం. గాలి బయటికి పోయే దారి లేని స్నానాల గదిలో అది కుంపటితో సమానం. కిరోసిన్ స్టవ్, కట్టెల పొయ్యి, ఏదైనా సరే, నిప్పు ఉన్న గదిలో గాలి రాకపోకలు ఉండి తీరవలె. నిద్రకు ముందు నిప్పు బయటికి పోవలె. సందులు మూయమని ఇంతవరకు చెప్పినవాడు ఇప్పుడు గాలి కావాలంటున్నాడేమి అని మీకు తోచవచ్చు. రెండింటికీ భేదం ఉన్నది. సందు అనేది మన అదుపులో లేని రంధ్రం. మనిషి మోకాలి దగ్గర, పసిబిడ్డ పక్క దగ్గర చలిని చిమ్ముతుంది. వెంటిలేటరు అనేది కప్పు దగ్గర, లెక్క ప్రకారం పెట్టిన దారి. మొదటిదానిని పూడ్చండి, రెండవదానిని ఎన్నడూ పూడ్చకండి. చలిని ఆపాలి, గాలిని ఆపరాదు.

కొన్నేళ్ల క్రితం ఉత్తరాదిన ఒక జంక్షను కాలనీలో మేము ఇల్లిల్లూ తిరిగి పరిశీలన జరిపాము. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన ఒక ట్రాక్‌మన్ ఇంట్లో వెంటిలేటరును ఇటుకలతో, మట్టితో మూసివేసి ఉన్నారు. గదిలో బోర్సీ ఉన్నది. అది ఎంత ప్రమాదమో నేను వివరంగా చెప్పాను. ఆ ఇంటి ఇల్లాలు ఓపికగా విని, కిటికీ వైపు చూపించింది. రెండు అద్దాలు లేవు. అట్టముక్క అడ్డం పెట్టి ఉన్నది. "ఇటుకలు తీయడం నాకు తెలియదా అన్నయ్యా? ఆ అద్దాలు వేయించండి. ఇటుకలు నేనే తీసేస్తాను, కుంపటీ బయట పెడతాను" అన్నది. ఆ అద్దాల కోసం ఆమె భర్త అప్పటికి రెండు శీతకాలాలుగా ఫిర్యాదు పుస్తకంలో వ్రాస్తూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే మేము ఆ పుస్తకం పుటలు తిరగవేసి, తీరని కిటికీ ఫిర్యాదులన్నిటి జాబితా తయారుచేసి, శాఖా సమావేశంలో మొదటి అంశంగా పెట్టాము. సంక్రాంతిలోపల అద్దాలు వచ్చినవి. ఆ సోదరి మాట నిలుపుకున్నది. ప్రచారం ఎంత అవసరమో, ప్రచారంతో పాటు పగిలిన అద్దం మార్పించడం అంతకంటె ఎక్కువ అవసరమని ఆమె మాకు చెప్పకనే చెప్పింది.

విద్యుత్తు హీటరు

కుంపటికి బదులు విద్యుత్తు హీటరు మేలే, కాని దానికీ కట్టుబాట్లున్నవి. 2,000 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. దానిని 5 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో గాని, సన్నతీగ ఎక్స్‌టెన్షన్ బోర్డులో గాని పెడితే తీగ కాగి మంటలు లేస్తాయి. పెద్ద ప్లగ్గు, మట్టి కనెక్షను ఉన్నచోటనే వాడాలి. మంచానికి, తెరకు, రజాయికి కనీసం ఒక గజం దూరంగా ఉంచాలి. నిద్రకు ముందు ఆపివేయాలి. ఖర్చు కూడా చూడండి. అదే హీటరు రోజుకు 5 గంటల చొప్పున 60 రోజులు నడిస్తే 600 యూనిట్లు. సందులు మూసి, కిటికీకి రెండవ పొర వేసినవారికి ఇందులో గణనీయమైన భాగం మిగులుతుంది.

బకెట్టులో పెట్టే నీటి రాడ్డు మన ఇళ్లలో మరొక ప్రాణాంతక వస్తువు. ప్లగ్గు తీసివేయకుండా నీటిలో వేలు పెట్టి వేడి చూడరాదు. పిల్లలు తిరిగేచోట ఆ బకెట్టు ఉండరాదు. పాత క్వార్టర్లలో తీగలు ఏనాటివో పరీక్షించమని, పడకగదికి ఒక పెద్ద ప్లగ్గు ఏర్పాటుచేయమని అడగడం మన న్యాయమైన కోర్కెలలో చేరవలె.

కొండలు నేర్పిన పాఠాలు

1903లో ప్రారంభమైన కాల్కా-సిమ్లా మార్గం 96 కిలోమీటర్ల పొడవున కొండనెక్కుతుంది. డార్జిలింగ్ మార్గంలోని ఘుమ్ స్టేషను సుమారు 2,258 మీటర్ల ఎత్తున ఉన్నది. దేశంలో అంత ఎత్తైన రైల్వే స్టేషను మరొకటి లేదు. 2025 జూన్‌లో కత్రా-శ్రీనగర్ మార్గం తెరుచుకోవడంతో కాశ్మీరు లోయ దేశపు రైలు మార్గాలతో కలిసింది. తపాలా సోదరులు మరింత ఎత్తుకు పోయినారు. హిమాచల్‌లోని స్పితిలో, సుమారు 4,400 మీటర్ల ఎత్తున, హిక్కిం గ్రామంలో 1983 నుండి తపాలా కార్యాలయం పనిచేస్తున్నది. రేపు బదిలీ ఉత్తర్వు మనలో ఎవరిని ఎక్కడికి పంపుతుందో చెప్పలేము. కనుక అక్కడి ప్రజల అనుభవాన్ని తెలుసుకోవడం మనకు మేలు.

కాశ్మీరులో డిసెంబరు 21 నుండి 40 రోజులను చిల్లై కలాన్ అంటారు. ఆ తరువాత 20 రోజుల చిల్లై ఖుర్ద్, పిదప 10 రోజుల చిల్లై బచ్చా. అక్కడివారు ముందుగానే కూరగాయలు ఎండబెట్టుకుంటారు, కట్టెలు, బొగ్గు పోగుచేసుకుంటారు, కిటికీలకు ప్లాస్టిక్ పొర బిగిస్తారు, కుటుంబమంతా ఒకటి రెండు గదులలోకి మారుతారు. ఇల్లంతా వేడి చేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఒక గదిని వెచ్చగా ఉంచుకోవడం అందరికీ సాధ్యం. ఇది మైదానాల క్వార్టరుకూ వర్తించే సూత్రమే. బుఖారీ అనే ఇనుప పొయ్యికి పొగగొట్టం ఉంటుంది. ఆ గొట్టాన్ని ప్రతి ఏడూ చలికి ముందు శుభ్రం చేయించాలి, దాని మొన తప్పక ఇంటి బయట ఉండవలె. వెదురుబుట్టలా అల్లిన తొడుగులో మట్టిమూకుడు పెట్టిన కాంగ్డీని దుస్తుల లోపల పట్టుకొని తిరగడం అక్కడి ఆచారం. ఏళ్ల తరబడి ఆ సెగ తగిలిన చర్మానికి క్యాన్సరు రావడం వైద్యులెరిగినదే. కొత్తగా వెళ్లినవారు ఆ అలవాటు చేసుకోవద్దు.

గడ్డకట్టే ప్రాంతాలలో నీటి గొట్టాల సంగతి మరువరాదు. నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరిగి గొట్టం పగులుతుంది. బయటి గొట్టాలకు గోనె చుట్టాలి; రాత్రి గొట్టంలో నీరు ఖాళీ చేయాలి, లేదా కొళాయిని సన్నధారగా వదలాలి.

లడాఖ్‌లో మందమైన పచ్చి ఇటుక గోడలు, మట్టి కప్పు, ఆ కప్పుపై శీతకాలానికి పేర్చిన పశుగ్రాసం, కట్టెలు, ఇవన్నీ కలిసి ఇంటికి రజాయి అవుతాయి. ఇటీవలి దశాబ్దాలలో అక్కడ దక్షిణపు గోడకు నల్లరంగు వేసి, దాని ముందు అద్దం అమర్చే పద్ధతి వ్యాపించింది. ఫ్రెంచి ఇంజనీరు ఫెలిక్స్ ట్రోంబ్ పేరిట దానిని ట్రోంబ్ గోడ అంటారు. పగలు గోడ ఎండను తాగుతుంది, రాత్రి గదిలోకి వేడిని విడుస్తుంది. బొగ్గు లేదు, బిల్లు లేదు, విషవాయువు లేదు. కొండ ప్రాంతాలలో కొత్త క్వార్టర్లు కట్టేటప్పుడు మైదానపు నమూనాను అట్లే మోసుకుపోక, దక్షిణముఖంగా, మందపు గోడలతో, జోడు కిటికీలతో కట్టవలెనని మనం గట్టిగా అడగాలి. నమూనా గీసేది ఇంజనీర్లు. ఆ ఇంట్లో చలికి వణికేది మనం.

క్వార్టరు లేనివారి మాట

మన శ్రేణిలో క్వార్టరు లేనివారే ఎక్కువ. గ్రామీణ డాక్ సేవకుల సంగతి ఆలోచించండి. శాఖా తపాలా కార్యాలయానికి చోటు చూపే బాధ్యత బ్రాంచి పోస్టుమాస్టరుదే గనుక, చాలాచోట్ల వారి ఇంటి ముందుగదే కార్యాలయం. చింతపల్లి, లంబసింగి, అరకు కొండలలోనూ, ఆదిలాబాదు అడవి పల్లెలలోనూ తెల్లవారితే మంచు కమ్ముతుంది; రేకుల కింద, తలుపు తెరచిన గదిలో కూర్చొని పింఛన్లు పంచే మన సోదరి చలి మన లెక్కలోకి రావద్దా? కొత్తవలస-కిరండూల్ మార్గంలో అనంతగిరి కొండల నడుమ పట్టా చూసే ట్రాక్‌మన్‌లకు ఇదే బాధ. కాంట్రాక్టు కార్మికుల స్థితి మరింత అధ్వానం. ప్లాట్‌ఫారాలు ఊడ్చేవారు, కంకర పోసేవారు పట్టాల పక్కనే గుడారాలలో ఉంటారు. ప్లాస్టిక్ గుడారంలో కుంపటి మరింత ప్రమాదం. వారు మన సభ్యులు కాకపోవచ్చు. వారికి రాత్రి నిద్రకు పక్కా గది కావలెనని అడగవలసినది మాత్రం మనమే.

2017 జూలై నుండి యూనిఫారం, కుట్టుకూలి, ఉతుకు భత్యాలు కలిపి సాలుకు ఒకసారి దుస్తుల భత్యంగా ఇస్తున్నారు. ఆ డబ్బు జూలైలో చేతికి వచ్చి, చలి వచ్చేసరికి ఇంటి ఖర్చులలో కలిసిపోతున్నది. ఉన్ని దుస్తుల భాగాన్ని వచ్చిన నాడే వేరుగా తీసిపెట్టుకోమని సభ్యులకు చెప్పండి. చలి ప్రాంతాలకు ఆ మొత్తం చాలునా అన్న ప్రశ్నను మాత్రం పైస్థాయిలో సమాఖ్య లేవనెత్తుతూనే ఉండవలె.

ఎప్పుడు, ఎట్లా

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు మన పెద్దలు. డిసెంబరులో వ్రాసిన ఫిర్యాదు మార్చిలో తీరుతుంది. అప్పటికి చలీ పోతుంది, ఫిర్యాదూ చల్లబడుతుంది. కనుక కాలక్రమం ముఖ్యం.

వేసవిలోనే, ఆర్థిక సంవత్సరం ప్రారంభంలో, మరమ్మతులకు నిధుల కోర్కె పెట్టండి. వినాయక చవితి నాటికి వానలలో కురిసిన కప్పుల జాబితా పూర్తి కావాలి. చవితి నుండి దసరా వరకు కాలనీ కమిటీ ఇల్లిల్లూ తిరిగి తలుపులు, అద్దాలు, వెంటిలేటర్లు, ప్లగ్గులు పరిశీలించాలి. స్త్రీలు లేని కమిటీకి సగం లోపాలు కనబడవు. వారిని తప్పక చేర్చండి. దసరా నుండి దీపావళి వరకు పని జరిపించుకోవాలి. రైల్వేలో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగపు సమావేశాలలో, తపాలాలో అధికారులతో జరిగే సమావేశాలలో ఇంటి నంబరు, ఫిర్యాదు తేదీ, లోపం, ఈ మూడూ ఉన్న పట్టిక సమర్పించండి. జవాబును మినిట్సులో వ్రాయించండి. కార్తీకంలో రజాయిలు ఏకించి, గొట్టాలు శుభ్రం చేసి, గుడ్డ చుట్టలు కుట్టి సిద్ధం కావాలి.

మరొక పని ఉన్నది. దానికి నిధులు అక్కరలేదు. ప్రతి కాలనీలో ఒంటరిగా ఉంటున్న పింఛనుదారులు, వితంతువులు, భర్త రాత్రి డ్యూటీలో ఉండగా పసిపిల్లలతో ఉండే తల్లులు ఎవరో వ్రాసిపెట్టుకోండి. చలి తీవ్రమైన రోజులలో ఉదయం ఒకరు వెళ్లి తలుపు తట్టి పలకరించాలి. ఒక పలకరింపు ఒక ప్రాణాన్ని నిలబెట్టగలదు.

మిత్రులారా! హక్కుల కోసం ఎన్నో పెద్ద పోరాటాలు చేసిన సంస్థ మనది. 1974 మేలో రైలు చక్రాలు ఆగిన దినాలను చూసిన వృద్ధ కార్యకర్తలు ఈ సభలో కూర్చొని ఉన్నారు. వారి ముందు కిటికీ అద్దం గురించి మాట్లాడడం చిన్నతనం కాదని నా నమ్మకం. సభ్యుని ఇంటిలో చలిగాలి ఎటునుండి వస్తున్నదో తెలిసిన కార్యదర్శి మాటకే ఆ సభ్యుడు సమ్మె నాడు బయటికి వస్తాడు. ఈ తరగతుల నుండి తిరిగి వెళ్లిన వారం లోపల మీ మీ కాలనీలలో మూసివేసిన వెంటిలేటర్లు ఎన్నో, లేని అద్దాలు ఎన్నో లెక్కించి సమాఖ్య కార్యాలయానికి పంపండి. రాబోయే కార్యవర్గ సమావేశం ఆ లెక్కతోనే మొదలవుతుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!